పక్కకు జరిగిన నది

కారు అద్దెకు తీసుకునేవాళ్ళు అడిగే ప్రశ్నల్లో కౌంటరావిడకు బాగా విసుగు తెప్పించేది ఒక్కటే. నది దాటొచ్చా అని. ఆఫీసు గాజు తలుపులోంచి చూస్తే వీధి చివర వంతెన మొదలు కనిపిస్తుంది. మిగతాదంతా పొగమంచులో ఉంటుంది, ఎండెక్కిన రోజు తప్ప. అవతల ఇంకో దేశం. ఇక్కడి బీమా వంతెన సగం దాకానే. ఆ తర్వాత కారుకు గీత పడినా, మనిషికి గాయమైనా కంపెనీ చేతులు దులుపుకుంటుంది.

ఈ సంగతి చెప్పీ చెప్పీ ఆఫీసులో ఆవిడకు 'లేదండీగారు' అనే పేరు స్థిరపడింది. ఆవిడ చెవిన కూడా పడింది, కానీ ఏమీ అనుకోలేదు. లేదండీ అనడంలో ఉన్న సుఖం ఆవిడకు తెలుసు. ఔనన్నామా, ప్రధాన కార్యాలయానికి ఫోన్ చేయాలి, అవతలి దేశపు బీమా కాగితం తెప్పించాలి, దాటడానికి పనికొచ్చే వేరే కారు వెతకాలి. సగం పూట గంగలో కలిసినట్టే. వచ్చినవాళ్ళకు ఆ దారి ఒకటుందని తెలియదు. తెలియనివాళ్ళకు పనిగట్టుకుని చెప్పాలని ఏ నిబంధనా లేదు.

ఆ ఉదయం ఇద్దరొచ్చారు. ఆయనకు నలభై దాటి ఉంటాయి. రెండు భుజాలకూ రెండు సంచులు, చంకలో ఒక చిన్న దిండు. వెనకాల ముసలావిడ ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తూ వచ్చి, కుర్చీ కనబడగానే పాత చుట్టాన్ని చూసినట్టు దాని దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"మా అత్తగారండీ," అన్నాడాయన. "వేరే దేశంలో కారు తీసుకుని తిరగాలని ఆవిడ కోరిక. మా ఆవిడకు సెలవు దొరకలేదు. నాకు ఈవిడ దొరికింది."

"నాకు ఈయన దొరికారు," అంది అత్తగారు. "కారు నేర్చుకున్న కొత్తలో ఎలా నడిపేవారో ఇప్పటికీ అంతే. దేవుణ్ణి తలుచుకోవడానికి వీలుగా ఉంటుంది."

కౌంటరావిడ నవ్వాపుకుని పాస్‌పోర్టులు తీసుకుంది. రెండింటిలోనూ రెండు దేశాల వీసాలూ ఉన్నాయి. అంటే అడగబోయే ప్రశ్న తెలిసిపోయింది.

"అవతల మా అత్తగారు పుట్టిన ఊరుందండీ," అన్నాడు అల్లుడు. "వంతెన దిగాక బస్సులు పట్నానికే పోతాయట. ఊరు లోపలికి. ఆవిడ మోకాళ్ళు నడవనివ్వవు. కారు అవతలికి తీసుకెళ్ళొచ్చా?"

"లేదండీ. బుక్ చేసినప్పుడు ముందే అడగాల్సింది."

"ఇప్పుడడిగితే?"

"లేదండీ. బీమా ఇవతలి వరకే."

అల్లుడు అత్తగారి వైపు చూశాడు. ఆవిడ దిండు సర్దుకుంటూ, "పోనీలే బాబూ. ఒడ్డున నిలబడి చూసొద్దాం. చూపుకు బీమా అక్కర్లేదుగా," అంది.

ముగ్గురూ బయటికి నడిచారు. కౌంటరావిడ ఫోన్ పట్టుకుని కారు చుట్టూ తిరుగుతూ ఉన్న గీతలన్నీ ఫొటోలు తీసింది. బంపరు కింద ఒకటి, కుడి తలుపు మీద ఒకటి. అత్తగారు కూడా గేదెను కొనడానికి వచ్చినట్టు బండి చుట్టూ తిరిగి, వంగి చూసి, "ఇదిగో, ఇక్కడ ఇంకోటుంది, రాసుకో. తర్వాత మా అల్లుడి మీద పెడతారు," అంది. నిజంగానే ఉంది, చక్రం పైన గోరంత సొట్ట. కౌంటరావిడ దాన్నీ ఫొటో తీసి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. కారు మలుపు తిరిగేదాకా వెనక అద్దంలోంచి ఆ దిండు అంచు కనిపించింది.

*

బయటికెళ్ళిన కార్లన్నీ కౌంటరు పక్కనున్న తెర మీద పచ్చ చుక్కలై కనిపిస్తాయి. నది నీలంగా, దాని మధ్యలో సరిహద్దు ఎర్రగా. మధ్యాహ్నం వేళ ఎవరూ రాని ఆ కాసేపు కౌంటరావిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆ చుక్కల్ని చూస్తూ ఉంటుంది. ఒకటి కొండ దారి పట్టి ఆగుతుంది, ఒకటి ఊరంతా తిరిగి మళ్ళీ మొదటికొస్తుంది. లోపల ఎవరున్నారో, ఏం మాట్లాడుకుంటున్నారో. అలా చూస్తుంటే ఒళ్ళు తేలికైపోయి, తను కూడా ఎక్కడికో పోతున్నట్టు ఉండేది. పోయింది లేదు. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ నది ఒడ్డుకు కూడా వెళ్ళలేదు.

మర్నాడు ఒక చుక్క నది వెంట వెంట నెమ్మదిగా పోయింది. ఆగింది. మళ్ళీ కదిలి, నీలం మీదుగా, ఎర్ర గీత మీదుగా, అవతలికి దాటింది. తెర కీచుమంది.

కౌంటరావిడ ఉలిక్కిపడి నంబరు చూసింది. అత్తా అల్లుళ్ళది. ఫోన్ చేస్తే అందలేదు. మళ్ళీ చేసింది. చుక్క అక్కడే నిలబడిపోయింది, అవతలి దేశంలో, కదలకుండా. 'సరిహద్దు దాటారు, వాహనానికి బీమా వర్తించదు' అని రాసి పంపి, పని అయిపోయిందనుకుంది. చెప్పిన మాట వినకపోతే ఎవరేం చేస్తారు అని కాస్త కోపం కూడా వచ్చింది.

సాయంత్రం వాళ్ళిద్దరూ ఎవరిదో పాల వ్యానులో వచ్చి ఆఫీసు ముందు దిగారు. అల్లుడి ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. అత్తగారి చీర అంచు కూడా తడిసింది, కానీ ఆవిడ మొహం వెలిగిపోతోంది. తీర్థం సేవించి వచ్చిన మనిషిలా ఉంది.

"ఒడ్డు విరిగిందండీ," అన్నాడు అల్లుడు. "ఈవిణ్ణి దింపి, కారు తిప్పుతుంటే ముందు చక్రం కింద మట్టి జారిపోయింది. బండి నీళ్ళలోకి పోయింది. ఇంజను దాకా."

మేనేజరు తన గదిలోంచి బయటికొచ్చాడు. ఎదుటివాళ్ళ తప్పు దొరికినప్పుడు మాత్రమే ఆయన గొంతు మెత్తబడుతుంది. "చూడండి, మీరు సరిహద్దు దాటారు. బీమా పోయింది. ఇంజను ఖర్చంతా మీదే."

"మేము దాటలేదు సార్. వంతెన ఎక్కలేదు. ఎవరూ ఆపలేదు, పాస్‌పోర్టు అడగలేదు. ఇవతలి గట్టు మీద మట్టి రోడ్డుంటే దాని మీద పోయాం. దాటే ఉద్దేశమే ఉంటే ఈవిడకు ఇల్లే చూపించి తెచ్చేవాణ్ణి కదా."

ఆ మాట కౌంటరావిడకు ఎక్కడో తగిలింది. తెర వైపు చూసింది. చుక్క ఇంకా అక్కడే ఉంది.

"దాటాం బాబూ," అంది అత్తగారు మెల్లిగా. "మీకు తెలీలేదు."

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"నల్లబండ కనిపించింది," అంది ఆవిడ ఎవరికీ కాకుండా, గోడకు చెబుతున్నట్టు. "నడుం దాకా ఇసకలో దిగిపోయి ఉంది. దాని మీదే మా అమ్మ బట్టలు ఉతికేది. నన్ను పక్కన కూర్చోబెట్టేది, పడిపోకుండా కొంగు కాలికి కట్టి. అది మా గట్టు బండ. ఇవతల గట్టున అలాంటి బండే లేదు. దిగగానే తెలిసిపోయింది నాకు. ఈ మోకాళ్ళు నొప్పన్న మాటే మర్చిపోయాయి."

"అత్తయ్యా," అన్నాడు అల్లుడు నీరసంగా.

"ఉన్నదే చెబుతున్నా. మా ఊళ్ళోనే ఉన్నాం."

మేనేజరు కళ్ళతోనే సైగ చేశాడు. కౌంటరావిడ బీమా ఆఫీసుకు ఫోన్ కలిపి స్పీకరు నొక్కింది. ప్రమాదం జరిగితే కారులో ఉన్నవాళ్ళ మాటలు రికార్డు చేయడం పద్ధతి. అవతలి గొంతు ఒకటే వరసలో అడిగింది, అత్తగారు సంతోషంగా చెప్పింది, బండ సంగతీ, అమ్మ సంగతీ, మట్టి వాసన సంగతీ. "అయితే ఆ సమయంలో మీరు నది అవతల, మీ ఊళ్ళో ఉన్నారు," అంది గొంతు. "ఉన్నాను నాయనా. ఇన్నాళ్ళకి," అంది ఆవిడ.

అల్లుడు నుదురు పట్టుకుని కూర్చుండిపోయాడు. అంత ఖర్చు ఆయన తలకు మించింది. రెండు మూడేళ్ళు వేరే ఆలోచన లేకుండా కష్టపడితేగాని తీరదు. ఆ సంగతి అత్తగారికి ఇంకా అర్థం కాలేదని ఆయనకు తెలుసు. ఆవిడ చీర అంచు పిండి, చెప్పులు దులిపి, చెయ్యి పట్టి లేపాడు.

*

దెబ్బతిన్న బండిని కదిపే ముందు ఫొటోలు తీయాలి. అందుకని మర్నాడు పొద్దున కౌంటరావిడ ఆఫీసు కారు వేసుకుని క్రేను వెనకాల బయల్దేరింది. క్రేను నడిపేవాణ్ణి అందరూ బావ అంటారు, ఎందుకంటే వాడు అందర్నీ బావా అంటాడు, ఆడవాళ్ళను తప్ప. ఆడవాళ్ళను ఏమనాలో తెలియక అసలు పిలవడు.

రోడ్డు మీద పొగమంచు. క్రేను వెనక దీపాలు రెండూ ముందు ఊగుతూ పోతున్నాయి. ఊరు అయిపోయింది, తోటలైపోయాయి, మట్టి రోడ్డు వచ్చింది. ఆ పక్కన రెల్లు ఆవిడ తల కంటే ఎత్తు పెరిగి, కారు పోతుంటే రెండు వైపులా అద్దాలను రాసుకుంటూ, ఏదో చెబుతున్నట్టు ఉంది. ఎక్కడా గేటు లేదు. గీత లేదు. ఆవిడ ఇన్నేళ్ళుగా కాపలా కాసిన ఆ ఎర్ర గీత ఇక్కడెక్కడో ఉండాలని చూస్తూ పోయింది. ఇసక మొదలైంది. తెల్లగా, చదునుగా, చాలా దూరం.

కారు నీళ్ళల్లోకి ముక్కుపెట్టి ఉంది. దానికి ఇవతల, ఇసకలో నడుం దాకా కూరుకుపోయి, నల్లబండ.

కౌంటరావిడ దిగి దాని దగ్గరికి వెళ్ళింది. పైన నున్నగా అరిగిపోయి, మధ్యలో పల్లంగా ఉంది. ఎన్ని చేతులు, ఎన్ని గుడ్డలు తగిలితే రాయి అలా అరుగుతుందో. ఆవిడ అరచెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది.

ఫోన్ మోగింది. మేనేజరు.

"ఎక్కడున్నావు?"

"కారు దగ్గర సార్."

"తెర కీచుమంటోంది. నువ్వు అవతల ఉన్నావు. నీ బండికి కూడా బీమా పోయింది, అర్థమవుతోందా? వెంటనే ఇవతలికి రా."

కౌంటరావిడ చుట్టూ చూసింది. రెల్లు, ఇసక, గొలుసు విప్పుతున్న బావ, దూరంగా పొగమంచులో ఒక కొంగ.

"నేనేమీ దాటలేదు సార్," అంది.

అన్నాక, ఆ మాట ఎవరు అన్నారో గుర్తొచ్చింది. ఆయన ఇంకా ఏదో అంటుంటే ఫోన్ కిందికి దించేసింది.

"నది సంగతేనా?" అన్నాడు బావ గొలుసును కారు వెనక కొక్కేనికి తగిలిస్తూ. "ఇదివరకు నది ఇక్కడ లేదు. ఇప్పుడు మనం వచ్చామే, ఆ రెల్లు, దాంట్లోంచి పారేది. పెద్ద వరదొచ్చిన ఏడు ఇటు జరిగిపోయింది. ఈ ఇసకంతా అప్పట్లో అవతలివాళ్ళ గట్టు. తర్వాత రెండు వైపులవాళ్ళూ వచ్చి, కొలుచుకుని, పుచ్చుకున్నవాళ్ళు పుచ్చుకున్నారు, ఇచ్చుకున్నవాళ్ళు ఇచ్చుకున్నారు. హద్దు రాయి అదుగో."

నీళ్ళ అంచున, కారు మునిగిన చోటికి కూడా అవతల, తెల్లటి రాయి ఒకటి నిలబడి ఉంది. ఇటు వైపు ఈ దేశం ముద్ర. ఆవిడ చెప్పులు చేతబట్టుకుని నీళ్ళలో దిగి, దాని వెనక్కి తొంగి చూసింది. అటు ఆ దేశం ముద్ర. కంపెనీ తెర మీద మాత్రం నది ఇంకా పాత దారినే పారుతోంది.

అంటే అల్లుడు చెప్పింది నిజం. దాటలేదు. ముసలావిడ చెప్పిందీ నిజమే. అది వాళ్ళ గట్టే, ఆవిడ కాలికి కొంగు కట్టిన రోజుల్లో.

బావ మీట నొక్కాడు. గొలుసు బిగిసింది. కారు ఒళ్ళంతా నీళ్ళు కారుస్తూ, నిద్రలోంచి లేస్తున్నట్టు మెల్లగా వెనక్కొచ్చింది. కౌంటరావిడ వరసగా ఫొటోలు తీసింది. ముందు కారుకు, తర్వాత కారూ రాయీ రెండూ కనపడేలా. అల్లుడి తప్పు లేదని తేలినందుకు సంతోషంగా ఉంది. ఈ మాట ఆ ముసలావిడకు ఎలా చెప్పాలా అని ఏడుపూ వస్తోంది.

*

ఫొటోలు చూసి మేనేజరు కాసేపు నీళ్ళు నమిలాడు. మ్యాపు సంగతి పై వాళ్ళు చూసుకోవాలన్నాడు. తను కొత్తగా వచ్చినవాణ్ణన్నాడు. చివరికి బీమా ఆఫీసుకు పంపమన్నాడు. అక్కణ్ణించి జవాబు మధ్యాహ్నానికల్లా వచ్చింది. రాయి ఇవతలే ప్రమాదం జరిగిందని ఒప్పుకుంటున్నాం. కాని ప్రయాణికురాలు అవతల ఉన్నానని తన నోటితో చెప్పింది, ఆ మాట ఆవిడే వెనక్కి తీసుకోవాలి.

ఫోన్ చేయగానే ఇద్దరూ వచ్చారు. అత్తగారు అదే కుర్చీలో కూర్చుంది. ఒక్క రోజులో అల్లుడు మనిషి సగమైపోయాడు, ఆవిడకు విషయం తెలిసిపోయినట్టే ఉంది. మొహంలో ఆ వెలుగు లేదు. దిండు ఒళ్ళో పెట్టుకుని దాని మూలలు నొక్కుతోంది.

కౌంటరావిడ కౌంటరు వెనకాల నిలబడలేకపోయింది. ఇవతలికొచ్చి, ఆవిడ పక్కన ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుని, నది జరిగిన సంగతి చెప్పింది. రెల్లు దగ్గర మొదలుపెట్టి, ఇసక, బండ, రాయి. మధ్యలో ఎక్కడా కంగారు పెట్టలేదు.

అత్తగారు అంతా విని, "బండ అక్కడే ఉంది. ఊరే దాన్ని వదిలేసి పోయిందన్నమాట," అంది.

"అవునమ్మా."

"నేను దిగింది మా మట్టి కాదన్నమాట."

"ఒకప్పుడు మీదే," అంది కౌంటరావిడ.

"ఒకప్పటికి బీమా ఉందా?" అంది అత్తగారు. నవ్వింది కూడా.

ఫోన్ కలిపారు. అదే గొంతు, అదే వరస. పేరు, వయసు, పుట్టిన ఊరు. పుట్టిన ఊరు చెప్పేటప్పుడు అత్తగారు కొంచెం నెమ్మదిగా, ఒక్కో అక్షరం వినబడేలా చెప్పింది.

"ప్రమాదం జరిగినప్పుడు మీరు మీ ఊళ్ళో ఉన్నానన్నారు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నారా?"

ఆవిడ నోరు విప్పేలోగా అల్లుడు ముందుకు వంగాడు. "వద్దండీ. ఆ మాట అలాగే ఉండనివ్వండి. దాటామనే రాసుకోండి. ఖర్చు నేను చూసుకుంటాను."

మేనేజరు ఆశగా తలెత్తాడు. కౌంటరావిడ అల్లుడి వైపు చూసింది. నిన్న ఇదే చోట దాటలేదని గొంతు చించుకున్న మనిషి.

"అదేం మాట బాబూ," అంది అత్తగారు.

"ఆ రోజు మీ మొహం మీరు చూసుకోలేదు అత్తయ్యా. నేను చూశాను. మీ అమ్మాయికి ఫోన్లో అదే చెప్పాను, మీ అమ్మ ఊరు చేరిందని. ఇప్పుడు కాదని ఎవరు చెబుతారు? డబ్బు పోతే పోయింది."

ముసలావిడ ఆయన చేతి మీద చెయ్యి వేసింది. చాలాసేపు అలాగే ఉంచింది. ఫోన్లోంచి, "అమ్మా, వింటున్నారా?" అని వినబడింది.

"వింటున్నాను నాయనా. వెనక్కి తీసుకుంటున్నాను."

"స్పష్టంగా చెప్పాలి."

"నేను నది దాటలేదు. మా ఊరు వెళ్ళలేదు." దిండు మూల గట్టిగా నొక్కింది. "ముసలిదాన్ని, ఏదో బండ చూసి పొరబడ్డాను."

"ధన్యవాదాలు. మీ వాహనానికి బీమా వర్తిస్తుంది," అని గొంతు ఆగిపోయింది.

మేనేజరు మెల్లగా తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. అల్లుడు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడని వెనకనుంచే తెలుస్తోంది. అన్యాయం తప్పింది, కాని కౌంటరావిడకు ఎవరి దగ్గర్నించో ఏదో లాక్కున్నట్టే ఉంది. మొదటి రోజు తను ఒక్క ఫోన్ చేసి ఉంటే ఇదంతా లేదు కదా అన్న ఆలోచన వచ్చి, ఆ సంగతి దాచుకోలేక, "అమ్మా, అనుమతి తెప్పించే వీలుంది. అప్పుడూ ఉంది. నేనే చెప్పలేదు," అంది.

అల్లుడు గిరుక్కున తిరిగాడు. కోపంతో ఏదో అనబోయి, అత్తగారి వైపు చూసి ఆగాడు.

అత్తగారు మాత్రం కౌంటరావిడను పరీక్షగా చూస్తూ, "ఎంతసేపు పడుతుంది?" అంది.

"సాయంత్రానికి రావచ్చు. పెద్ద కారు ఒకటుంది, దాన్ని దాటనిస్తారు. మీ ప్రయాణం ఎల్లుండి కదా. రేపు పొద్దున వెళ్ళి రావచ్చు."

"అయితే కానీ."

కౌంటరావిడ లేచి ప్రధాన కార్యాలయానికి ఫోన్ చేసింది. అవతలివాళ్ళు చాలాసేపు ఆపి ఉంచారు. ఆవిడ విసుక్కోకుండా నిలబడింది. ఆఖరికి ఎవరో ఎత్తి ప్రశ్నలు మొదలుపెట్టారు. ఆవిడ ఒక్కొక్కటీ పైకి చదివినట్టు అడుగుతూ, జవాబులు తిరిగి చెబుతూ పోయింది. నడిపేది ఎవరు, ఎందరు, ఏ దారిన, తిరిగి ఎప్పుడు. ఒక ప్రశ్న దగ్గర ఆగింది. ఫోన్ అరచేత్తో మూసుకుని నిలబడిపోయింది.

"ఏమంటున్నారు?" అంది అత్తగారు.

"అక్కడికి ఇంతకుముందు ఎప్పుడైనా వెళ్ళారా అని అడుగుతున్నారమ్మా."

ముసలావిడ లేవడానికి అల్లుడి చెయ్యి అందుకుంది.

"లేదని చెప్పమ్మా. ఇందాకే గదా చెప్పాను."